ఖలఫ్ కప్పు కడిగిన నీళ్ళు

సువైలిం నమాజుకు వెళ్ళే ముందు బండి బానెట్ ఎత్తి, ఇంజనులో స్పార్కు పంచే రోటర్‌ను పీకి జేబులో వేసుకునేవాడు. బొటనవేలంత ముక్క. అది లేకపోతే ఆ బండిని ఎవరి తాత వచ్చినా స్టార్ట్ చేయలేడు. మసీదులో వంగినప్పుడల్లా అది తొడకు గుచ్చుకునేది. గుచ్చుకున్నప్పుడల్లా సువైలింకు ప్రాణం హాయిగా ఉండేది. చుట్టూ ఇసుక తిన్నెలు తప్ప మరేమీ లేని జుబ్బా అనే ఆ అరబ్బు ఊళ్ళో దొంగతనం జరిగి పదకొండేళ్ళయింది. అప్పుడు పోయింది కూడా ఒక మేక. రెండోరోజు అదే తిరిగొచ్చింది. అయినా సువైలిం, ఆ మేకను ఎవరో తీసుకెళ్ళి భయపడి వదిలేశారనే అంటాడు.

బండి ఎనభై అయిదో సంవత్సరం నాటి ల్యాండ్ క్రూజర్ పికప్. నాలుగు చక్రాలూ లాగే మోటు బండి, ఇసుక రంగు, ఎండకు పొలుసులు లేచిన తలుపులు. సువైలిం ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ స్తంభాలెక్కి రిటైరయ్యాడు. ఆ మర్నాటి నుంచి అతని ఉద్యోగమంతా ఈ బండే. టాపెట్లు ఇంజను వేడిగా ఉండగానే సరిచేయాలంటాడు. దుకాణంలో కొన్న గ్యాస్కెట్ కన్నా చెప్పుల డబ్బా అట్ట కత్తిరించి నూనెలో నానబెట్టిందే మేలంటాడు. కర్రపుల్ల ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. నెలలు నిండిన కడుపు మీద చెవి పెట్టిన మంత్రసాని కూడా అంత శ్రద్ధగా వినదు.

మెకానిక్కుల్ని నమ్మడు. ఎప్పుడైనా తప్పక షెడ్డుకు తీసుకెళ్ళినా, మెకానిక్ గుల్ జమాన్ చేతుల వంకే రెప్ప వేయకుండా చూస్తూ నిలబడతాడు. "షేక్, నువ్వలా చూస్తుంటే నా చేతులు నావి కాకుండా పోతున్నాయి" అని ఆ పఠాన్ ఒకసారి స్పానర్ కింద పడేసి టీకి వెళ్ళిపోయాడు. దాంతో సువైలింకు అనుమానం ఇంకా బలపడింది. నిజాయితీపరుడైతే టీ ఎందుకు?

ఇంజను మీద ఉన్న ప్రతి నట్టుకూ భార్య ముధీ గోళ్ళరంగుతో సన్నటి గీత గీసి పెట్టాడు. ఎవరైనా నట్టు కదిపితే గీత తప్పుతుంది. పొద్దున కాఫీ కూడా తాగకుండా ముందు ఆ గీతలన్నీ చూసుకుంటాడు.

"పెళ్ళికి పోదామంటే సీసాలో చుక్క రంగు లేదు. నా గోళ్ళకో బొట్టయినా మిగల్చకూడదూ?" అంది ముధీ.

"నీ గోళ్ళనెవరూ ఎత్తుకుపోరులే."

"ఆ తుప్పు డబ్బాను మాత్రం ఎత్తుకుపోవడానికి ఊరంతా గోడల వెనక నక్కి కూర్చుందిలే!"

ఇలాంటి మనిషికి స్నేహితులు నిలబడతారా? పక్కింటాయనతో జాకీ పోయిందని మాటలు బందయ్యాయి. జాకీ సీటు వెనకాలే దొరికింది. మాటలు మాత్రం దొరకలేదు. ఇంకొకాయన తన డబ్బాలో పెట్రోలు తాగేశాడేమో అన్నంత దాకా అనుమానించి అతన్నీ పోగొట్టుకున్నాడు. చివరికి ఒక్కడు మిగిలాడు. ఖలఫ్. ముధీ చెల్లెలి మొగుడు, అంటే సువైలింకు తోడల్లుడు. ఖలఫ్‌కూ ఇదే పిచ్చి. అతని దగ్గర ఎనభై రెండు నాటి బండి ఉంది, నాలుగు తలుపులు నాలుగు రంగులు. అతను దేన్నీ మనసులో పెట్టుకునే రకం కాదు.

"అందర్నీ అనుమానించావు, అబూ ఫవ్వాజ్" అనేవాడు, సువైలింను పెద్దకొడుకు పేరుతో పిలుస్తూ. "నా వంతు ఇంకా రాలేదేమిటా అని చూస్తున్నా. నేనేం తక్కువ చేశాను?"

శుక్రవారం ఎండ వాలాక పాత బండ్లవాళ్ళంతా ఊరిబయట పెద్ద తిన్నె కింద చేరతారు. ఇసుకలో కూరుకుపోకుండా టైర్లలో గాలి దించుకుని, ఒకరి తర్వాత ఒకరు పైకెక్కిస్తారు. కొత్త బండ్లవాళ్ళు అటు వస్తే వీళ్ళు మొహం తిప్పుకుంటారు. అక్కడ సువైలిం పక్కన చాప పరిచేది ఖలఫ్ ఒక్కడే. అతనూ పోతే ఆ చాప మీద తనొక్కడే మిగులుతాడని సువైలింకు బాగా తెలుసు. తెలిసిన సంగతిని నోటితో అనడం అతనికి చేతకాదు.

ఆ వసంతంలో ఒక శుక్రవారం, ఖలఫ్ తెరిచిన బానెట్ మీదికి వంగి ఇంజను మోత విన్నాడు.

"దీని గొంతు చూశావా? నలభై ఏళ్ళ ముసల్ది, కొత్త పెళ్ళికూతురిలా సన్నగా మాట్లాడుతోంది. ఈ చుట్టుపక్కల ఇలాంటి ఇంజను ఇంకోటి లేదు పో!"

సువైలిం ఒళ్ళంతా పొంగింది. వెంటనే చెవి నిక్కబొడుచుకుంది. మెచ్చుకున్నాక "మాషా అల్లా" అనాలి. అనకపోతే మెచ్చుకున్నవాడి కన్ను తగులుతుంది. చంటిపిల్ల నుంచి ఒంటె దాకా, ఒంటె నుంచి ఇంజను దాకా, దిష్టికి అడ్డం ఆ ఒక్క మాటే. సువైలిం ఎదురుచూశాడు. ఖలఫ్ నోరు తెరిచాడు. తెరిచి అందులో ఖర్జూరం వేసుకున్నాడు.

మరొకడైతే "దేవుణ్ణి తలుచుకోవయ్యా" అని భుజం మీద చరిచేవాడు. ఖలఫ్ నాలుక కరుచుకుని అనేవాడు, అక్కడితో సరిపోయేది. సువైలిం అలా అనలేకపోయాడు. సరదాగా అనడం అతనికి రాదు, సీరియస్‌గా అంటే నీ కన్ను చెడ్డదన్నట్టవుతుంది. మింగేసి ఊరుకున్నాడు.

తర్వాతి శుక్రవారం తిన్నె సగంలో బండి దగ్గింది. రెండుసార్లు గుక్కపట్టి ఆగిపోయింది. అందరూ చూస్తుండగా వెనక్కి జారుకుంటూ కిందికొచ్చాడు. అరగంట తర్వాత తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

ఆ మరుసటి వారమూ అంతే. కాసేపు బాగా లాగుతుంది, తర్వాత ఎవరో గొంతు పిసికినట్టు ఆగిపోతుంది, నిలబెడితే కోలుకుంటుంది. సువైలిం ప్లగ్గులు మార్చాడు. కార్బురేటర్ విప్పి, ముక్కలన్నీ ముధీ పిండి జల్లెడలో పోసి, ఒక్కో రంధ్రం సూదితో పొడిచాడు. పెట్రోలు పైపు విప్పి నోటితో ఊదాడు. ట్యాంకులో గుడగుడమని బుడగలు వినిపించాయి. దారి శుభ్రంగానే ఉంది. గోళ్ళరంగు గీతలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

చెయ్యి పెట్టలేదు సరే, కన్ను పెట్టారేమో?

ఆ ఆలోచన ఒకసారి వచ్చాక ఇక పోతుందా! ఖలఫ్ దేనికి మాషా అల్లా అనడు? అన్నంలో మాంసం మెత్తగా ఉడికితే అంటాడు. ఎవడి పిల్లాడో తుమ్మితే అంటాడు. నా ఇంజను దగ్గరికొచ్చేసరికి మాత్రం నోట్లో ఖర్జూరం అడ్డొచ్చిందా? అతని బండి పొగ కక్కుతోందిగా. నాది చూసి ఎన్నాళ్ళ నుంచి కడుపు మండుతోందో! ఆ నవ్వుకు అర్థమేమిటి? నా వంతు ఇంకా రాలేదేమిటని అడిగాడే, ఊరికే అడుగుతారా ఎవరైనా?

దిష్టికి విరుగుడు అందరికీ తెలిసిందే. కన్ను వేసినవాడు ముట్టుకున్నదేదైనా కడిగి, ఆ నీళ్ళు దిష్టి తగిలినదాని మీద పోయాలి. పద్ధతి ప్రకారం మనిషినే వెళ్ళి అడగాలి. అడిగినవాడి మీద కోపం తెచ్చుకోకుండా అతను చేతులు కడిగి ఆ నీళ్ళివ్వాలి. అది పెద్దలనాటి మర్యాద. కానీ సువైలింకు అడిగే నోరు లేదు. అడిగితే ఖలఫ్ మనసు విరిగిపోతుందని భయం. అడగకుండా దొంగతనంగా తీసుకుంటే స్నేహమూ మిగులుతుంది, బండీ బాగవుతుందనుకున్నాడు.

ఖలఫ్‌ను కాఫీకి పిలిచాడు. అతను మూడు కప్పులు తాగి, చాలన్నట్టు కప్పు ఊపి, పక్కన పెట్టాడు. సువైలిం కళ్ళు ఆ కప్పు మీదే ఉన్నాయి. ఖలఫ్ గుమ్మం దాటాడో లేదో దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇటివ్వు, కడుగుతా" అంది ముధీ.

"ఇది నేను కడుగుతాలే."

ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆ మనిషి కప్పు కడిగింది లేదు.

ఏలకుల వాసన వేసే ఆ నీళ్ళను సీసాలో పట్టి, మర్నాడు ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించి, దేవుడి పేరు తలుచుకుని బానెట్ మీదా కార్బురేటర్ మీదా నాలుగు చక్రాల మీదా చల్లాడు. శుక్రవారం బండి ఒక్క గుక్కలో తిన్నె కొమ్ముకెక్కింది. సువైలింకు సంతోషమూ దుఃఖమూ కలిసొచ్చాయి. బండి బాగయింది. అంటే కన్ను ఖలఫ్‌దే!

పైన తిన్నె కొమ్ము మీద ఖలఫ్ చప్పట్లు కొట్టి కౌగిలించుకుంటే, సువైలిం కొయ్యలా నిలబడ్డాడు.

రెండు వారాలు బాగా నడిచింది. ట్యాంకు సగానికి దిగాక మళ్ళీ మొదటికొచ్చింది. దిష్టి మళ్ళీ తగిలిందనుకున్నాడు. మళ్ళీ కప్పు, మళ్ళీ సీసా. కొన్నాళ్ళకు అది అలవాటై కూర్చుంది. ఖలఫ్ ఇంటికి వెళ్తే అతను తాగి పెట్టిన కప్పులోని అడుగును రుమాలులో ఒంపుకునేవాడు. అతను ఉమ్మిన ఖర్జూరపు గింజల్ని జేబులో వేసుకొచ్చి నానబెట్టేవాడు. ఒకరోజు ఖలఫ్ పళ్ళెం వంక చూసి, "గింజలేమయ్యాయి?" అన్నాడు. "చీమలు" అన్నాడు సువైలిం. ఖలఫ్ నవ్వలేదు. తెలిసిపోయిందా? తెలిసీ ఊరుకున్నాడా? తెలిసీ ఊరుకున్నాడంటే మనసులో ఏదో పెట్టుకునే ఊరుకున్నాడు!

ఒక పొద్దున ముధీ బండి సీటు దులుపుతుంటే సీసా దొరికింది. మూత తీసి వాసన చూసింది. అడుగున గింజలు కదులుతున్నాయి.

"ఇదేమిటి?"

"పెట్టెయ్. మందు."

"ఎవరికి మందు? ఏలకుల వాసనొస్తోంది. నువ్వు కప్పులెందుకు కడుగుతున్నావో ఇప్పుడు తెలిసింది. ఖలఫ్‌వేనా ఇవి?"

సువైలిం సీసా లాక్కోబోయాడు.

"సిగ్గులేదూ! నా చెల్లెలి మొగుడి ఎంగిలి మూడు నెలలుగా దొంగతనం చేస్తున్నావా? మొహం మీద అడిగితే నీళ్ళిచ్చి పోయేవాడు కదా! అడగడానికి నోరు లేదా నీకు?"

"అడిగితే బాధపడతాడే."

"ఇది తెలిస్తే బాధపడడా?"

"ఎలా తెలుస్తుంది? నువ్వు చెబితే తప్ప."

ముధీ ఆ రోజంతా చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. మూడోరోజు చెల్లెలు వచ్చి కూర్చుని, "అక్కా, ఈ మధ్య బావగారు మా ఆయన వంక అదోలా చూస్తున్నారట, ఆయన రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు" అని కళ్ళు తుడుచుకుంటే, ముధీ కడుపులో ఉన్నదంతా చెప్పేసింది.

ఆ సంగతి సువైలింకు తెలియదు. తర్వాతి రోజు అతను ట్యాంకులో పెట్రోలు ఎంతుందో చెప్పే ముల్లు సరిగ్గా చూపించడం లేదని, ట్యాంకు నెత్తిన బిగించిన పలక విప్పి చెయ్యి లోపల పెట్టాడు. వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది. పైకి లాగాడు. జానెడు గుడ్డ, పెట్రోలుకు నాని ముద్దయింది, ఎర్రటి గళ్ళు ఇంకా కనిపిస్తున్నాయి. తన తలగుడ్డ ముక్క. అంచున ముధీ చేతి కుట్టు.

చూసీ చూడగానే అర్థమైంది. చలికాలంలో వానపడ్డాక ఇసుకలో దొరికే పుట్టగొడుగుల కోసం ఎడారికి వెళ్ళినప్పుడు ట్యాంకు మూత ఎక్కడో పడిపోయింది. తలగుడ్డ చింపి కుక్కాడు. ఇంటికొచ్చి చూస్తే గుడ్డ లేదు. దారిలో ఎదురైన గొర్రెలకాపరి లాక్కుపోయాడని నెలరోజులు తిట్టాడు. గుడ్డ ఎక్కడికీ పోలేదు, కుదుపులకు లోపలికి జారింది. ఇంజను పెట్రోలు పీల్చినప్పుడు అదొచ్చి పైపు నోటికి అంటుకుంటుంది. ఆపితే ఊడి పక్కకు పోతుంది. ట్యాంకు నిండుగా ఉంటే పైన తేలి అడ్డం రాదు. కప్పు కడిగిన నీళ్ళు చేసిందేమీ లేదు. నిండు ట్యాంకు చేసింది.

సువైలిం బండి పక్కన నేల మీద కూలబడ్డాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా మొదట వచ్చిన ఆలోచన మంచిది కాదు. గుడ్డను కాల్చేద్దాం. ఎవరూ చూడలేదు. సీసా పారేద్దాం. రేపటి నుంచి ఖలఫ్‌తో మామూలుగా ఉందాం. అగ్గిపెట్టె కోసం లేచాడు కూడా.

అప్పుడే పెరటి ఇనుప తలుపు కిర్రుమంది. ఖలఫ్ వచ్చాడు. చేతిలో సత్తు బేసిన్, నీళ్ళ కూజా. వెనకాల శుక్రవారం బండ్లవాళ్ళు ఇద్దరు. వాళ్ళలో ముత్లఖ్ అనేవాడు ఏ సంగతైనా చీకటిపడేలోగా ఊరంతా చేరవేయగలడు. సువైలిం గుడ్డను వీపు వెనక దాచుకున్నాడు.

"సలాం, అబూ ఫవ్వాజ్" అన్నాడు ఖలఫ్. గొంతులో నవ్వు లేదు. "గింజలతో చిల్లర వ్యాపారమెందుకు? టోకున తీసుకో. సాక్షులుండాలని వీళ్ళను తెచ్చాను. రేపు ఇవి నా నీళ్ళు కావని అంటావేమో, నీ సంగతి నాకు తెలియదా!"

చెప్పులు విడిచాడు. బేసిన్ మీద వంగి మొహం కడిగాడు, మోచేతుల దాకా చేతులు కడిగాడు, మోకాళ్ళు, పాదాలు కడిగాడు. ఒక్క చుక్క బయటికి పోనివ్వలేదు. నెత్తిన నాలుగు వెంట్రుకలు తడిసి నుదుటికి అంటుకున్నాయి. ఆ మనిషి అలా వంగి పాదాలు కడుక్కుంటుంటే సువైలిం చూడలేక తల తిప్పుకున్నాడు.

"పోసుకో" అన్నాడు ఖలఫ్, బేసిన్ ముందుకు తోసి. "పోసి స్టార్ట్ చెయ్. ఆగకపోతే కన్ను నాదే. ఆగితే నన్నొదిలెయ్. ఇక నీ ఇల్లు నీది, నా ఇల్లు నాది."

"పోసెయ్, అబూ ఫవ్వాజ్" అన్నాడు ముత్లఖ్ ఆత్రంగా. "మేమూ చూస్తాం. అదే నిజమైతే మా బండ్లు మేమూ జాగ్రత్త చేసుకోవాలి కదా! మా వాడికి పోయిన నెల జ్వరమొచ్చిన రోజు కూడా ఖలఫ్ ఇంటికొచ్చాడు మరి."

ఆ మాట వినగానే సువైలింకు ముందున్నదంతా కళ్ళకు కట్టింది. గుడ్డ బయటికొచ్చేసింది. ఇప్పుడు నీళ్ళు పోసినా పోయకపోయినా బండి ఆగదు. పోసి తాళం తిప్పితే చాలు. సాయంత్రానికల్లా ఖలఫ్ ఊరందరికీ చెడ్డకన్ను వాడైపోతాడు. అతన్ని చూసి బానెట్లు మూసేస్తారు, పిల్లల్ని లోపలికి లాక్కుంటారు, పెళ్ళికి పిలవడానికి జంకుతారు. ఆ ముద్ర చచ్చినా పోదు. ఊరంతా అతన్ని సువైలిం కళ్ళతోనే చూస్తుంది. ఆ చూపు ఎలా ఉంటుందో సువైలింకంటే బాగా ఎవరికి తెలుసు!

వీపు వెనక నుంచి చెయ్యి ముందుకు తెచ్చాడు. వేళ్ళ సందుల్లోంచి పెట్రోలు కారుతోంది.

"ఇది ట్యాంకులో ఉంది" అన్నాడు. "నా తలగుడ్డ. నేనే కుక్కాను, నేనే మర్చిపోయాను. కన్నూ లేదు, ఏమీ లేదు. ఉంటే నాదే."

ముత్లఖ్ గుడ్డ అందుకుని వాసన చూసి, అంచు కుట్టు చూసి, పగలబడి నవ్వాడు. రెండోవాడు మోకాళ్ళు పట్టుకుని నవ్వాడు. రేపు ఊరు నవ్వబోయే నవ్వంతా సువైలిం అక్కడే నిలబడి విన్నాడు. ఖలఫ్ మాత్రం నవ్వలేదు.

"ఎప్పుడు దొరికింది?"

"ఇప్పుడే. నువ్వొచ్చే కాస్త ముందు."

"నేను రాకపోతే చెప్పేవాడివా?"

చెప్పేవాణ్ణే అనడం ఎంత సులువు! ఆ ఇద్దరూ నమ్మేవాళ్ళు కూడా.

"లేదు" అన్నాడు. "కాల్చేద్దామనుకున్నాను."

ముత్లఖ్ నవ్వు ఆగిపోయింది. ఖలఫ్ అతని మొహంలోకి చూశాడు. గడ్డం మీంచి నీళ్ళు ఛాతీ మీదికి జారుతున్నాయి.

"ఇది నమ్ముతాను" అన్నాడు.

తువ్వాలు కోసం ఇంట్లోకి పరిగెత్తాలని కూడా సువైలింకు తోచలేదు. తల మీది గుడ్డ తీసి రెండు చేతులా అందించాడు. ఆ ఊళ్ళో మగవాడు నలుగురిలో తలగుడ్డ తీసి ఇవ్వడమంటే, ఇక తన దగ్గర ఇవ్వడానికేమీ మిగల్లేదని. బట్టతల ఎండలో మెరుస్తూ అలాగే నిలబడ్డాడు. ముత్లఖ్, పక్కవాడూ కళ్ళు దించుకున్నారు.

ఖలఫ్ గుడ్డ తీసుకున్నాడు. మొహం తుడుచుకున్నాడు, చేతులు తుడుచుకున్నాడు. పాదాల దాకా వంగి ఆగాడు. గుడ్డను రెండుసార్లు దులిపి, మడత సరిచేసి, సువైలిం తల మీద తనే వేశాడు.

"కాళ్ళు వాటంతటవే ఆరతాయిలే" అన్నాడు. "ఎండగా ఉంది, కప్పుకో."